పొద్దున్నుంచీ వెంటపడిన 1.16

పొద్దున ఆరింటికే డాబా ఎక్కాను, రాత్రి పడ్డ వాన సీసాలో ఎంత చేరిందో చూద్దామని. ఒక ప్లాస్టిక్ గరాటు, దాని కింద లీటరు సీసా, రెండూ ఇనుప స్టాండుకి కట్టి ఉంటాయి, అంతే సరంజామా. గరాటు అంచు మీద పావురం రెట్ట కనపడిందంటే ఆ నీళ్లు పారబోసుకోవడమే, అమ్మోనియం, పొటాషియం అంకెలు ఎక్కడికో పెరిగిపోతాయి. పోయిన వారం రెండు వానలు అలాగే పోయాయి. ఇవాళ్టిది శుభ్రంగా ఉంది, నాలుగు వందల మిల్లీలీటర్లు.

నిజానికి ఇది నా పని కాదు. నేను చదివేది స్ట్రక్చర్స్, అంటే కట్టడాల ఇంజనీరింగ్. వాన నీళ్ల పరీక్ష నా రూమ్మేట్ ప్రాజెక్టు, అది వాళ్లక్క పెళ్లికి శ్రీకాకుళం వెళ్తూ "వారం రోజులే కదే" అని నా నెత్తిన పెట్టింది. ఆ వారం రోజుల్లోనే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టాలా? విశాఖలో అక్టోబరంటే మరి అంతే.

ల్యాబ్‌లో ముందు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7కి తగ్గితే ఆమ్లం) మీటరుని, పీహెచ్ ముందే తెలిసిన 4, 7, 9.2 బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచేసుకుని, తర్వాత వాన నీళ్లలో పెట్టాను. వాన నీళ్లలో లవణాలు మరీ తక్కువ కాబట్టి రీడింగు ఓ పట్టాన నిలబడదు. 6.3 అంటుంది, 6.6 అంటుంది, టీ తాగి వచ్చేసరికి 6.5 దగ్గర ఆగింది. గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కరిగితే వాన 5.6 ఉండాలి. మన దగ్గర మట్టి దుమ్ములో సున్నం ఉంటుంది, అది ఆమ్లాన్ని కాస్త విరిచేస్తుంది. తమాషా ఏంటంటే కాంక్రీటు కలపడానికి వాడే నీళ్ల పీహెచ్ 6కి తగ్గకూడదని కాంక్రీటు పనులకి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456లో రాసుంది. అంటే దుమ్ము లేని చోట పడే స్వచ్ఛమైన వాన మన కోడ్ ప్రకారం కాంక్రీటుకి పనికిరాదు!

0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి అయాన్ క్రొమటోగ్రాఫ్‌కి ఎక్కించాను, నీళ్లలో ఏ అయాన్ ఎంతుందో విడదీసి కొలిచే మిషన్ అది. లెక్కేస్తే ధనాత్మక అయాన్లు లీటరుకి 287 మైక్రో ఈక్వివలెంట్లు (విద్యుదావేశాన్ని బట్టి లెక్కేసే కొలత), రుణాత్మకాలు 230. ఈ రెండూ దాదాపు సమానం కావాలి, లేదంటే కొలతలో ఏదో తేడా ఉన్నట్టే. గంటసేపు టెన్షన్. సీసా కడగలేదా, పలచన చేసినప్పుడు పొరపడ్డానా అని మొత్తం తవ్వుకున్నాక అప్పుడు వెలిగింది, బైకార్బొనేట్ ఆ మిషన్ కొలవదు, దాన్ని పీహెచ్ నుంచి మనమే లెక్కగట్టి కలుపుకోవాలి. అది ఒక 28. కలిపితే 258 అయింది, తేడా పదకొండు శాతానికి దిగింది. వాన నీళ్లకి ఇది పర్వాలేదట, రూమ్మేట్‌కి ఫోన్ చేసి అడిగితే మండపం సన్నాయి మధ్యలోంచి అరిచి చెప్పింది.

ఆ తర్వాత సోడియం, క్లోరైడ్. సముద్రపు నీళ్లలో ఈక్వివలెంట్లలో చూస్తే సోడియం 1 అయితే క్లోరైడ్ 1.16. నా సీసాలో 1.11 వచ్చింది, అంటే ఉప్పు దాదాపుగా సముద్రం నుంచి ఎగిరొచ్చిందే. సల్ఫేట్ కథ వేరు. సోడియాన్ని బట్టి సముద్రం నుంచి రావాల్సింది 16, ఉన్నది 60. మిగతా 44 సముద్రానిది కాదు. లారీలు, ఫ్యాక్టరీలు, పోర్టు, దుమ్ము, ఎవరి వాటా ఎంతో ఒక్క సీసాని చూసి చెప్పలేం. నోట్సులో 1.16 కింద గీత గీసి భోజనానికి వెళ్లాను. మెస్‌లో మళ్లీ బీరకాయే.

మధ్యాహ్నం నా సొంత పని. 150 బై 250 ఎం.ఎం. బీమ్, రెండు మీటర్ల పొడవు, అడుగున 12 ఎం.ఎం. రాడ్లు రెండు, 8 ఎం.ఎం. రింగులు, ఎం30 (చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం) కాంక్రీటు. రెండు నెలల క్రితం దీన్నే పోత పోసి ల్యాబ్‌లో విరగ్గొట్టాం, 78 కిలోన్యూటన్ల దగ్గర లొంగింది. ఇప్పుడదే కంప్యూటర్లో చేస్తే పదిహేను దగ్గరే, అంటే పగుళ్లు మొదలవగానే, ఇక నా వల్ల కాదని ఆగిపోతోంది. ఎందుకో నాకు తెలుసు. కాంక్రీటు పగిలిన మరుక్షణం తన్యత (లాగుడుని తట్టుకునే బలం) సున్నా అయిపోయేలా ఇచ్చాను, అలా ఇస్తే లెక్క ఎటూ తేలదు. దాన్ని మార్చి, పగులు తెరుచుకోవడానికి పట్టే శక్తి ఇచ్చి, మెష్‌ని, అంటే లెక్క కోసం బీమ్‌ని కోసుకునే ముక్కల సైజుని, 25 ఎం.ఎం.కి తెచ్చాక కదిలింది. 84 దాకా వెళ్లింది. నిజం బీమ్ కన్నా కంప్యూటర్ బీమ్ మామూలుగా కొంచెం మొండిదే, అందులో రాడ్డు కాంక్రీటుకి పూర్తిగా అతుక్కుని ఉంటుంది, జారదు.

ఆ డేటా నింపుతుంటే ఒక గడిలో సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఇచ్చే అంకె కనపడింది. 1.16. కాంక్రీటుని ఒక వైపు నుంచి నొక్కితే ఎంత బలమో, రెండు వైపుల నుంచీ సమానంగా నొక్కితే అంతకి 1.16 రెట్లు. 1969లో కుప్‌ఫర్, హిల్స్‌డార్ఫ్, రూష్ అనే ముగ్గురు చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. సముద్రానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా నవ్వొచ్చింది.

ఏడింటికి నాన్న ఫోన్. "ఏటమ్మా, తిన్నావా" అయ్యాక అసలు విషయం, భీమిలి ఇంట్లో కిటికీ సన్‌షేడ్ కింద పెచ్చులు ఊడి రాడ్లు కనపడుతున్నాయట. మేస్త్రీ వచ్చి చూసి, వానకి తడిసి పాడైంది, సిమెంటు పూసేస్తే సరిపోద్దన్నాడట. వాన కాదు నాన్నా, రాడ్డుకి తుప్పు పట్టించేది ఉప్పులోని క్లోరైడ్, అన్నాను. పొద్దున్నే చూశాను కదా, ఇవాళ్టి వానలో క్లోరైడ్ లీటరుకి ఐదు మిల్లీగ్రాములు. రాడ్లు వేసే కాంక్రీటు కలిపే నీళ్లకి కోడ్ ఐదొందలు ఒప్పుకుంటుంది. వాన పైవైపు పేరుకున్న ఉప్పుని కడిగేస్తుంది కూడా. గాలికి వచ్చి అతుక్కున్న ఉప్పు వాన తగలని అడుగువైపే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పైగా ఆ రోజుల్లో రాడ్డుకీ బయటికీ మధ్య కాంక్రీటు మందం (కవర్) నిలబెట్టే బ్లాకులు పెట్టకుండా రాడ్ల కింద కంకర రాళ్లు పెట్టి పోసేసుంటారు. సముద్రం పక్కన 45 ఎం.ఎం. కవర్ ఉండాలి, మనింట్లో పదిహేను ఉంటే గొప్ప. పూసేస్తే ఉప్పు లోపలే ఉండిపోతుంది, రాడ్డు వెనక దాకా చెక్కేసి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, అప్పుడు కట్టాలి. నాన్న అంతా విని "మేస్త్రీకి నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఊరుకోలేక నా బీమ్‌కీ తుప్పు పట్టించి చూశాను. చదరపు సెంటీమీటరుకి ఒక మైక్రోఆంపియర్ తుప్పు కరెంటు (తుప్పు ఎంత వేగంగా పడుతుందో చెప్పే కొలత) అంటే ఏడాదికి 0.0116 మిల్లీమీటర్ల ఇనుము పోతుంది. మళ్లీ అదే! నాకు భయమేసింది, ఒట్టు. పదేళ్లకి 12 ఎం.ఎం. రాడ్డు 11.77 అవుతుంది, వైశాల్యంలో పోయేది నాలుగు శాతం కూడా లేదు. ఆ వైశాల్యం పెట్టి నడిపితే బీమ్ బలం ఆ కాస్తే తగ్గింది. మరి మా ఇంట్లో పెచ్చులు అంతంత ఎందుకు ఊడినట్టు? తుప్పు తను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది, అది కవర్‌ని లోపల్నుంచి తోసేస్తుంది. నా మోడల్లో రాడ్డు సన్నబడుతోందే గానీ ఉబ్బడం లేదు, కాంక్రీటుని వదలడం లేదు. నాలుగు నెలలుగా ఈ ఫైలుతో కాపురం చేస్తున్నాను, మా సన్‌షేడ్‌కి జరిగింది ఇందులో జరగనే జరగదని ఇవాళ గానీ తట్టలేదు. ఇక రాడ్డుకీ కాంక్రీటుకీ మధ్య స్ప్రింగులు పెట్టి పట్టు విడిగా ఇవ్వాలి. గైడ్‌గారు ఇంకో నెల పడుతుందంటే ఏమంటారో.

పదకొండున్నర. కంప్యూటర్లో కొత్త లెక్క నడుస్తోంది, 41 శాతం దగ్గరుంది. బయట మళ్లీ మొదలైంది వాన. సాయంత్రం సీసా కడిగి పైన పెట్టొచ్చాను గానీ గరాటు మీద మూత తీశానో లేదో గుర్తు రావట్లేదు. గొడుగు వెతుక్కోవాలి.