60 మి.లీ. సిరంజి, బాయిల్ సూత్రం: ఆ 15 శాతం ఎక్కడికి పోయింది?

ఎట్టకేలకు పీవీ లెక్క కుదిరింది. బాయిల్ సూత్రం ప్రకారం వేడి మారనంతవరకు, మూసిపెట్టిన గాలి పీడనాన్ని (పీ) ఘనపరిమాణంతో (వీ) గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె రావాలి. ఇన్నాళ్లూ సతాయించింది సెన్సరూ కాదు, కోడూ కాదు. చేపల తొట్టికి వాడే సిలికాన్ గాలి గొట్టం!

పాత సెటప్‌లో 60 మి.లీ. సిరంజి, 30 సెం.మీ. గొట్టం (లోపల 4 మి.మీ., బయట 6), ఎంపీఎక్స్5700ఏపీ పీడన సెన్సరు, దాన్ని చదివే ఆర్డునో ఊనో బోర్డు ఉన్నాయి. రీడింగులు కిలోపాస్కల్స్‌లో: 60 మి.లీ. దగ్గర 95, 50 దగ్గర 112, 40 దగ్గర 137, 30 దగ్గర 176, 20 దగ్గర 285 రావాల్సింది 243 దగ్గరే ఆగింది. అంటే పీవీ 5700 నుంచి 4860కి జారింది. దాదాపు 15 శాతం.

మొదటి అనుమానం లీకు మీదే. 20 దగ్గర జి-క్లాంపుతో బిగించి, 5 నిమిషాలాగి మళ్లీ 60కి లాగితే ముల్లు కదలనట్టు 95. లీకు లేదు. తర్వాత వేడి. గబుక్కున నొక్కితే గాలి వేడెక్కుతుంది నిజమే, కానీ అప్పుడు పీవీ పెరగాలి, ఇక్కడ తగ్గుతోంది. పైగా ప్రతి రీడింగుకీ నిమిషం ఆగినవే ఇవి.

ఇక మిగిలింది డెడ్ వాల్యూమ్, అంటే సిరంజి గీతలు లెక్కపెట్టని గాలి. రెండు రీడింగులుంటే చాలు: పీవీల తేడాను పీడనాల తేడాతో భాగించాలి. 60-40 జతకు 220/42, అంటే 5.2 మి.లీ. 40-30 జతకు 200/39, 5.1. బాగానే ఉందనుకునేలోపు 30-20 జతకు 420/67, 6.3! (60-50 జతను నమ్మొద్దు. ఊనో గుర్తించగల ఒక్కో మెట్టు 0.76 కిలోపాస్కల్. 112 బదులు 113 పడితే 5.9 కాస్తా 2.8 అయిపోతుంది.)

గొట్టం కొలతల ప్రకారం అందులో పట్టేది 3.8 మి.లీ. సిరంజి ముక్కు, సెన్సరు పోర్టు కలిపినా 4.3 దాటకూడదు. పీడనం పెరిగేకొద్దీ డెడ్ వాల్యూమ్ పెరుగుతోందంటే ఏదో ఉబ్బుతోందన్నమాట. 20 దగ్గర బిగించి గొట్టానికి వెర్నియర్ కాలిపర్ పెడితే బయటి వ్యాసం 6.0 ఉండాల్సింది 6.3 మి.మీ. చూపించింది. లోపలి వ్యాసానికి లెక్కకడితే దాదాపు 0.9 మి.లీ. అదనం. దొంగ దొరికాడు.

ఇప్పుడు 10 సెం.మీ. పాలీయురేథేన్ గొట్టం (బయట 4, లోపల 2.5 మి.మీ.), కొసల్లో మాత్రం సెంటీమీటరు సిలికాన్ ముక్కలు, పైన జిప్ టైలు. ఫెవిక్విక్ జోలికి పోవద్దు, సిలికాన్‌కు అది అంటదు. రీడింగులు 95, 141, 187, 276 (60, 40, 30, 20 దగ్గర). డెడ్ వాల్యూమ్ కింద 1 మి.లీ. కలిపితే పీవీ 5795, 5781, 5797, 5796.

20 దగ్గర పిస్టన్ మీద పడేది సుమారు 11 కిలోల బరువు. చేత్తో పట్టుకుని గీత చదవడం వృథా, క్లాంపు ఉండాల్సిందే. చదవాల్సింది పిస్టన్ రబ్బరు ముందంచు దగ్గర, వెనక రింగు దగ్గర కాదు.

గేజ్ రకం సెన్సరు (బయటిగాలి కంటే పీడనం ఎంత ఎక్కువో మాత్రమే చూపేది) వాడేవాళ్లకు ఇంకో గుంట ఉంది. మొత్తం పీడనం కోసం దానికి బయటిగాలి పీడనంగా 101.3 కిలోపాస్కల్స్ కలపమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ కలపాల్సింది దాదాపు 95. వాతావరణం యాప్ చూపే 1010 హెక్టోపాస్కల్స్ (అంటే 101 కిలోపాస్కల్స్) సముద్రమట్టానికి సరిచేసిన అంకె. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే దాని ముడి రీడింగే నయం. విశాఖ తీరంలోనైతే ఈ గొడవ ఉండదు.

ఇక రీడింగుకు ఊనో సొంత మెట్లను పక్కనపెట్టి, ఇంకా చిన్న మెట్లతో చదివే ఏడీఎస్1115 చిప్ తగిలించాలి. ఆ తర్వాత 2 లీటర్ల సీసా నీటి రాకెట్. 600 మి.లీ. నీళ్లు పోస్తే మిగిలేది 1.4 లీటర్లు. గేజ్ మీద 400 కిలోపాస్కల్స్ రావాలంటే 1.4 × 400/95, అంటే 5.9 లీటర్ల బయటిగాలి కొట్టాలి. 120 మి.లీ. సైకిల్ పంపుతో కాగితం మీద 49 పోట్లు. పంపు అడుగున మిగిలిపోయే గాలి వల్ల ఎక్కువే పడతాయి, ఎన్నో లెక్కపెట్టాలి.