మెదక్ గుడికి జీరో టికెట్

మెదక్ చర్చి చూద్దామని (మేం చర్చిని గుడి అనే అంటాం) ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో మెదక్ బస్సు ఎక్కిన ఐదు నిమిషాలకే అమ్మకీ కండక్టరుకీ మాట పట్టింపు వచ్చింది. అమ్మ దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "గుంటూరు అడ్రసు ఉందమ్మా, ఇక్కడ నడవదు. టికెట్ తీసుకోవాలె" అన్నాడు. మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం తెలంగాణ ఆడవాళ్లకే కదా. "మా దగ్గర కూడా 2025 ఆగస్టు నుంచి ఫ్రీయే" అంది అమ్మ, ఆ మాటకి అతను కరిగిపోతాడన్నట్టు. కరగలేదు. చుట్టూ ఆడవాళ్లందరి చేతుల్లో జీరో టికెట్లు. డబ్బులిచ్చి టికెట్ కొన్న ఆడమనిషి ఆ బస్సులో మా అమ్మ ఒక్కతే అనుకుంటా. బాలానగర్ దాటేదాకా ఆ టికెట్ ముక్కని గుప్పిట్లో నలుపుతూనే ఉంది.

అసలు ఈ ప్రయాణమే ఒక అలక తీర్చడానికి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ చేతులు తేడాగా కనిపించాయి. నాన్న పోయాక మిగిలిన నాలుగు బంగారు గాజుల్లో రెండు లేవు. వాటి చోట రోల్డ్ గోల్డ్ మెరుస్తోంది. ఏవమ్మా అంటే, గుడి స్లాబుకి ఇచ్చానంది. మా దగ్గర ఇప్పుడు దాన్ని కానుక అనరు, "విత్తనం" అంటారు. విత్తితే నూరంతలు పండుతుందట. నేను అరిచాను. పాస్టరు అయ్యగారి ఫార్చ్యూనరు గురించి, స్టేజి మీద గోడంత ఎల్ఈడీ తెర గురించి, వాళ్ల అబ్బాయి విదేశీ చదువు గురించి, ఏది గుర్తొస్తే అది. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నా దగ్గరికి హైదరాబాద్ వచ్చినప్పుడు తనే అంది, "మెదక్ గుడి చూపించరా, చిన్నప్పటి నుంచీ వింటున్నా" అని. ఆదివారం సొంత గుడి మానేస్తున్నానన్న దిగులు మాత్రం బస్సు ఎక్కాక కూడా పోలేదు.

అమ్మ పుట్టి పెరిగింది లూథరన్ గుడిలో. 1842లో గుంటూరులో దిగిన అమెరికా మిషనరీ హయ్యర్ దొర నాటి మిషను అది. పెంకుల కప్పు, కింద చాపలు, హార్మోనియం ఒక్కటే సంగీతం. కానుక సంచిలో చిల్లర గలగలమనేది. చిల్లర లేనివాళ్లు పిడికెడు బియ్యం తెచ్చేవాళ్లు, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసిపెట్టి. పదిహేనేళ్ల కిందట అమ్మకి నడుం నొప్పి వచ్చినప్పుడు ఎవరో స్వస్థత కూటానికి, అంటే జబ్బులు తగ్గాలని చేసే ప్రార్థనకి, తీసుకెళ్లారు. నొప్పి తగ్గింది, గుడి మారింది. ఇప్పుడు పిడికెడు బియ్యం ఎవరూ తేరు. క్యూఆర్ కోడు ఉంది.

ఆ గుడికి నేను ఒకసారి వెళ్లాను. ఆ రోజు వాక్యం ధనవంతుడూ సూదిబెజ్జమూ: ధనవంతుడు దేవుడి రాజ్యంలోకి పోవడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలిక అన్న యేసు మాట. అయ్యగారు బాగా చెబుతారు, కాదనను. "సూదిబెజ్జం అంటే నిజం సూది కాదు, యెరూషలేములో ఒక చిన్న ద్వారం పేరు, ఒంటె బరువు దించి మోకరిస్తే దూరిపోతుంది" అన్నారు. అంటే ధనవంతుడు మోకరిస్తే చాలు. జనం హల్లెలూయ అన్నారు. ఇంటికొచ్చి వెతికి చూశాను. అలాంటి ద్వారం ఉండేదనడానికి ఆధారం ఏమీ లేదు. సువార్త రాసిన కొన్ని వందల ఏళ్ల తర్వాత ఎవరో ఒంటె మీద జాలిపడి కట్టిన కథ. ఒంటె మీదో, దాని యజమాని మీదో.

గండిమైసమ్మ దగ్గర ఒక పెద్దావిడ ఎక్కింది. డెబ్భై ఐదు పైనే ఉంటాయి. నేను లేచి సీటిచ్చాను. కూర్చోగానే అమ్మ ఒళ్లో బైబిలు సంచి చూసి, "ప్రార్థనకా చెల్లే?" అంది. మెదక్ గుడికి అని అమ్మ చెప్పగానే ఆవిడ మొహంలో ఒక రకమైన ధీమా వచ్చింది, మా ఇంటికే వస్తున్నారు అన్నట్టు.

"మా తాత రాళ్లు మోసిండు ఆ గుడికి" అంది.

తర్వాత దుండిగల్, గుమ్మడిదల, నర్సాపూర్ ఎప్పుడు వచ్చాయో నాకు సరిగా తెలీదు. నర్సాపూర్ అడవిలో రోడ్డు పక్క కోతులు మాత్రం గుర్తున్నాయి, ఎందుకంటే వాటిని చూపించడానికి ఆవిడ కథ ఆపింది. ఆ కథలో సగం నాకు చదివి తెలుసు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ 1914లో గుడి మొదలుపెట్టాడు. అప్పుడే ప్రపంచ యుద్ధం, ఇక్కడ కరువు, రోగాలు. ఊరికే గంజి పోయకుండా జనానికి పని పెట్టి, కూలికి తిండి ఇచ్చాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. ఇది పుస్తకాల సంగతి. ఆవిడ చెప్పింది వేరు.

"దినాం గింజలు గొలిచి ఇస్తుండ్రట. మా తాత సగం ఆడనే బుక్కుతుండెనట, ఇంటికొచ్చేదాంక ఆగలేక. మా నాయనమ్మ కొంగుల మిగిలినయి చూసుకొని తిడుతుండెనట." నవ్వింది. "గింజలకు మతంల కలిసిన్రు అంటరు మమ్మల్ని. అననీ. కడుపు కాలినోడు ఎవని దిక్కు చూస్తడు? పెట్టినోని దిక్కే చూస్తడు."

అమ్మ వెంటనే అందుకుంది. "మమ్మల్ని పాలపిండి వాళ్లు అనేవాళ్లక్కా" అని. అమెరికా నుంచి వచ్చిన పాలపొడి, గోధుమరవ్వ మిషను బడుల్లో పంచిన రోజుల మాట అది. మా ఊళ్లో నా చిన్నతనంలో కూడా ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా అవమానంగా ఉండేది నాకు. బస్సులో వీళ్లిద్దరూ దాన్ని చీరల ధరల్లాగా మాట్లాడుకుంటున్నారు. ఆకలితో గింజలు తీసుకుని మొక్కినవాడి భక్తి దొంగభక్తి అట. ఉన్నవాడు ఇంకా కావాలని మొక్కితే దాని పేరు ఆశీర్వాదం. నా చెవులకి అదీ ఎక్కింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, రాయకుండా దాటేద్దామనుకున్నాను కానీ రాస్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాల, మాదిగలకు ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సడలించారు, మాకు లేదు. బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ చాలంటారు. అందుకే మా పేటల్లో గుడి పేరొకటి, బడి పేరొకటి. నా సర్టిఫికెట్‌లో ఏ మతం ఉందో ఇక్కడ చెప్పను. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. అయ్యగారి కారు మీద అరిచిన పూట ఆ కాగితం నా బీరువాలోనే ఉంది. అప్పుడు గుర్తురాలేదు, గింజల ముసలమ్మ పక్కన నిలబడ్డాక గుర్తొచ్చింది.

ఇంతలో ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని గాజులు తిప్పి చూసింది. "బంగారమేనా?"

"బంగారమే" అంది అమ్మ. ఆవిడ పట్టుకున్నది రోల్డ్ గోల్డ్ గాజుని. అమ్మ నా వైపు చూడలేదు. నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత మా గుడి సంగతి వచ్చింది. ఏసీ, తెర, మూడో అంతస్తు స్లాబు, అన్నీ అమ్మ వరసగా చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, "మంచిగుంది. కూలోళ్లకు దినానికి ఎంతిస్తున్రు?" అంది. ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అడిగింది. ఉపాధి హామీ పనికి పోయే మనిషి, కూలి రేటు మీద ఆసక్తి. అమ్మకి తెలీదు. "కాంట్రాక్టరు చూసుకుంటాడక్కా" అంది. మెదక్ వచ్చేసింది. దిగేటప్పుడు ఆవిడ మాతో గుడికి రాలేదు, కోడలి ఊరికి ఆటో ఎక్కాలట. "నేను చానా సార్లు చూసిన" అంది.

గుడి గురించి ఎక్కువ రాయను, మీలో చాలామంది చూసే ఉంటారు. 175 అడుగుల గోపురం, 200 అడుగుల పొడవు, తల ఎత్తితే మెడ పట్టేస్తుంది. రంగుటద్దాల కిటికీలు మూడు: పుట్టుక, సిలువ, ఆరోహణం. పొద్దుటి ఎండ పడితే గాజు మంటల్లా వెలుగుతుంది. ఆరాధన మొదలైపోయింది, వెనక ఎక్కడో చోటు దొరికింది. అమ్మ నోరు తెరిచి చూస్తూ మొదటి పాట పాడటం మర్చిపోయింది. బయట ఫొటోలకి వచ్చినవాళ్లు, కొవ్వొత్తులవాళ్లు, బొమ్మలవాళ్లు, ఐస్‌క్రీం బండి. మన తిరునాళ్లే.

అక్కడ చెప్పుకునే ఒక కథ నా బుర్రలో తిరుగుతోంది. పోస్నెట్ దొర మిషను బంగళా పెద్దదట, పక్కనే ప్రార్థన చేసుకునేది మాత్రం చిన్న మట్టి కట్టడమట. దేవుడి ఇల్లు నా ఇంటికంటే తక్కువగా ఉండటమేమిటని ఆయనకి మనసొప్పలేదట. అందుకని ఇంత గుడి. బాగానే ఉంది. బంగళా చిన్నది చేసుకుందామని ఎందుకు తోచలేదో మరి. ఆయన మతశాఖకి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఏడాదికి 28 పౌన్లతో బతకడం అలవాటు చేసుకుని, రాబడి పెరిగినా ఖర్చు పెంచకుండా మిగతాది పంచేసినవాడు. కష్టపడి సంపాదించండి, పొదుపు చేయండి, ఇచ్చేయండి అని చెబితే నావాళ్లు మొదటి రెండూ వింటున్నారు, మూడోది వినడం లేదని ముసలితనంలో గొణిగాడు కూడా. రెండొందల ఏళ్ల కిందటి గొణుగుడు. అయితే పోస్నెట్ రాళ్లలో ఒక ముసలమ్మ తాత కడుపు ఉంది. దాన్ని తీసెయ్యలేను. మా మూడో అంతస్తులో ఎవరి కడుపుందో ఆ కాంట్రాక్టరుకి తెలియాలి.

కానుక సంచి వచ్చింది. అమ్మ ఐదొందల నోటు వేసింది. నేను పర్సు తీసి, ఇరవై కాగితం వెతికి వేశాను. ఇది కూడా రాయాలి కదా.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర ఒక హోటల్లో బగారా అన్నం, నాటుకోడి అన్నారు. ప్లేటు 280. నాటుకోడి అయితే దాని చిన్నప్పుడే అయ్యుండాలి, ఎముకలకి కూడా వయసు రాలేదు. అమ్మ "పచ్చడి లేదా బాబూ" అని రెండుసార్లు అడిగింది. లేదు. గోంగూర కూడా లేదు. గుంటూరు మనిషికి పచ్చడి లేని భోజనం ఆమెన్ లేని ప్రార్థన లాంటిది. రెండు ప్లేట్లు, ఒక నీళ్ల సీసా, ఐదొందల ఎనభై. ఇరవై కానుక ఇచ్చినవాణ్ణి ఇది నోరు మూసుకుని కట్టాను. అమ్మ బిల్లు చూసి నా మొహం చూసింది. ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

తిరుగు బస్సులో చోటు దొరికింది. టికెట్ అడగకముందే అమ్మ డబ్బులు తీసి ఇచ్చింది, ఆధార్ బయటికి తీయలేదు. కాసేపటికి కొంగు జార్చుకుని రోల్డ్ గోల్డ్ గాజులు తీసి సంచిలో పెట్టుకుంది. చెమటకి నల్లబడుతున్నాయంది. మిగిలిన రెండు అసలువి మణికట్టు మీద ఒదులుగా ఊగుతున్నాయి.

"ఆవిడ అడిగింది చూశావా, కూలి గురించి" అన్నాను.

"ఊఁ. మంగళవారం ప్రార్థనలో అడుగుతా అయ్యగార్ని." కొంచెం ఆగి, "అడగొచ్చో లేదో" అంది.

కొల్చారం దాటాక అమ్మ ఫోను టింగుమంది. గుడి గ్రూపు. ఈ ఆదివారం రాలేకపోయినవాళ్లు తమ దశమభాగం ఈ నంబరుకి పంపి ఆశీర్వాదం పొందగలరు, కింద క్యూఆర్ కోడు. అమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. "వెయ్యి కొట్టరా, ఊరెళ్లాక ఇస్తా."

నేను ఏదో అనబోయాను. బీరువాలో కాగితం, ఇరవై నోటు, 280 ప్లేటు, అన్నీ గొంతులో అడ్డం పడ్డాయి. నా ఫోనులో నంబరు కొట్టి, వెయ్యి అంకె వేసి, పిన్ను నొక్కాను. సరిగ్గా నర్సాపూర్ అడవిలోకి వచ్చాం. సిగ్నలు పోయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది. కోతులు పోతున్నాయి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

"పోలేదమ్మా" అన్నాను.

అమ్మ సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

"గండిమైసమ్మ దగ్గర సిగ్నలు వస్తుందిలే" అంది.