ఎస్సేలో 94 నుంచి 128కి: అనంతపురంలో నేను తిరగరాసుకున్న రెండేళ్లు

యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో ఎస్సే (వ్యాసం) పేపర్లో 2022లో నాకు 250కి 94 వచ్చాయి. 2024లో 128. ఈ రెండేళ్లలో కొత్తగా చదివింది చాలా తక్కువ, రాసే పద్ధతి మాత్రం మొదలంటా మారిపోయింది. తెలుగు మీడియంలో రాసే పిల్లలు, ముఖ్యంగా మన సీమవాళ్లు, ఎలా మారిందని అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

పేపర్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మూడు గంటల టైమ్, రెండు సెక్షన్లు, ఒక్కో సెక్షన్లో నాలుగు టాపిక్‌లు, అందులోంచి ఒక్కోటి ఎంచుకుని 1000 నుంచి 1200 పదాల్లో రాయాలి. ఒక్కో వ్యాసానికి 125 మార్కులు. జవాబు తెలుగులో రాయొచ్చు, టాపిక్ మాత్రం ఇంగ్లీషులో, హిందీలోనే ఉంటుంది. చిన్న సంగతే అనిపిస్తుంది గానీ నన్ను ముంచింది ఇదే.

2022లో వచ్చిన టాపిక్‌లలో ఒకటి, ఎండ కాస్తున్నప్పుడే ఇంటి కప్పు బాగుచేసుకోవాలి అనేది. చూడగానే సంబరపడ్డా. ఇది విపత్తు నిర్వహణ కదా, నోట్స్ మొత్తం నోటికొచ్చు అనుకున్నా. 2005 నాటి చట్టం, విపత్తుల నష్టం తగ్గించడానికి దేశాలు చేసుకున్న 2015 సెండాయ్ ఒప్పందం, ప్రజారోగ్యం, బ్యాంకుల మొండి బకాయిలు, భూగర్భ జలాలు, ఇట్లా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయా. ఒక్కోదానికి ఒక పేరా, ఒక్కో పేరాకి ఒక పథకం పేరు. బయటికొచ్చాక మా ఫ్రెండ్‌తో నూట నలభై ఖాయమని కూడా చెప్పా. మార్కులు చూసిన రోజు అన్నం తినలేకపోయా.

హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి అనంతపురం వచ్చేశా. డబ్బుల్లేక వచ్చాననే అనుకోండి. రోజూ పొద్దున్నే జిల్లా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. అక్కడికి రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన పేపర్లు చదవడానికి వచ్చేవారు. సివిల్స్ గురించి ఆయనకు పెద్దగా తెలియదు, అందుకే ఆయనకు చూపించాలనిపించింది. గుర్తున్నంత వరకు ఆ వ్యాసాన్ని మళ్లీ రాసి ఇచ్చా. రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఏమ్మా, మీది మిద్దె ఇల్లేనా?"

"అవును సార్, మట్టి మిద్దె."

"మీ నాయన మిద్దె మీద చౌడు ఎప్పుడు పరుస్తాడు?"

"ఎండాకాలంలో సార్, మృగశిర కార్తె రాకముందే."

"మరి అది యాడుంది దీంట్లో?"

నాకు నోట మాట రాలేదు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో ప్రతి ఏడూ చూసిన పని అది. చౌడు మట్టి తెచ్చి, మిద్దె పైన పరిచి, అణగ్గొడితే వాన నీళ్లు కిందికి దిగవు. మరుసటి ఏడాదికి మట్టి కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ వేయాలి. ఇంగ్లీషులో ఉన్న మాటను నేను తలలో "పైకప్పు" అని మార్చుకున్నా. మిద్దె అని అనుకుని ఉంటే ఇదంతా గుర్తొచ్చేది. పైకప్పు అనుకునేసరికి నోట్సు గుర్తొచ్చింది.

ఆయన ఇంకో మాట అన్నారు. "నువ్వు ఏం చెప్తాండావో నాకు తెలీలేదు. టాపిక్ నిజమంటావా, కాదంటావా?" అప్పటిదాకా ఆ ప్రశ్న నేను వేసుకోలేదు, ఒట్టు. టాపిక్ వచ్చింది కాబట్టి నిజమే అన్నట్టు ఉదాహరణలు మోసుకొచ్చి పోశా.

అదే టాపిక్‌తో మూడు వారాలు కూర్చున్నా. ఎండాకాలంలో మిద్దె బాగుచేసుకోవడానికి మా ఊళ్లో మనుషులెవరు ఉంటారు? పనుల్లేక సగంమంది బెంగళూరు వలస పోయి ఉంటారు. ఉన్నవాళ్ల దగ్గర కూలి ఇచ్చే డబ్బులుండవు. అంటే ఎండ అందరికీ ఒకేలా కాసినా, బాగుచేసుకునే తీరిక అందరికీ ఉండదు. ఆ పని తీరిక లేనివాడి తరఫున ఎవరు చేయాలి? ప్రభుత్వం ఇక్కడ వస్తుంది వ్యాసంలోకి, పథకాల జాబితాగా కాకుండా ఒక జవాబుగా. ఇంకోటి, వాన పడితే కదా ఎక్కడ కారుతుందో తెలిసేది! 1991లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి వచ్చి, బంగారం తాకట్టు పెట్టాకే మన ఆర్థిక సంస్కరణలు కదిలాయి. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కి దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తర్వాత షెల్టర్లు కట్టుకుని, హెచ్చరికలు ఊరూరికీ చేరేలా చేసుకున్నారు కాబట్టి 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించగలిగారు, మరణాలు పదుల్లో ఆగాయి. టాపిక్ సగమే నిజమని ఈ రెండూ చెప్తున్నాయి: ఒకసారి కారాకే బుద్ధి వస్తుంది, కానీ రెండోసారి కారితే అది మన తప్పు. ఇది రాసుకున్న రోజు, నా జీవితంలో మొదటిసారి నేను ఒక వ్యాసం రాశాననిపించింది.

అప్పట్నుంచి పెట్టుకున్న అలవాటు ఒకటుంది. టాపిక్ చదివాక నేను చెప్పదలచుకున్నది ఒకే వాక్యంలో రాసి అమ్మకు ఫోన్లో వినిపించేదాన్ని. అమ్మ ఐదో తరగతి. తనకు అర్థమైతే "ఔను, నిజమే" అనేది, లేదా "అట్లెట్లా అవుతుంది?" అని ఎదురడిగేది. ఆ ఎదురు ప్రశ్నే చాలాసార్లు వ్యాసంలో అవతలి పక్షం వాదన అయ్యింది. అర్థం కాకపోతే "ఊ" అని ఊరుకునేది. ఊ అంటే మళ్లీ రాయాల్సిందే.

కొత్త టాపిక్‌లు తగ్గించేశా. ఏడాదిలో రాసినవి పద్నాలుగే, కానీ ఒక్కోదాన్ని మూడుసార్లు తిరగరాశా. వారానికో టెస్ట్ రాసి పక్కన పడేసే పద్ధతి నాకైతే అస్సలు పనిచేయలేదు, మొదటిసారి చేసిన తప్పే ముప్పైసార్లు చేయడం అవుతుంది అది. టైమ్ విషయం పెద్దగా లేదు: గంటన్నరలో ఇరవై నిమిషాలు రఫ్‌కి, చివర ఐదు నిమిషాలు చదువుకోవడానికి. ఇరవై నిమిషాలు పెన్ను కదలకపోతే టెన్షన్ వస్తుంది, పక్కవాళ్లు రెండో పేజీ తిప్పుతుంటారు. తట్టుకోండి. సాంకేతిక పదాలకు పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు రాసుకోనిస్తారు, అది వాడుకున్నా, మిగతా అంతా ఇంట్లో మాట్లాడుకునే తెలుగే.

2024లో, అడవులు నాగరికతల కంటే ముందుంటాయి, ఎడారులు వాటి వెనక వస్తాయి అనే టాపిక్ వచ్చింది. చరిత్రలో చదివిన పాత నాగరికత మెసొపొటేమియా గుర్తొచ్చింది, ఆపుకున్నా. బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి నది ఒడ్డున చేలమీదికి వచ్చి పడే ఇసుకతో మొదలుపెట్టా. మా అత్తవాళ్ల ఊరు అటే, చేను కనపడకుండా ఇసుక మేట వేయడం కళ్లారా చూశా. చెట్టు కొట్టి లాభపడేవాడు ఒకడు, ఇసుక తిని నష్టపోయేవాడు ఇంకొకడు, ఈ ఇద్దరూ వేర్వేరు మనుషులైన చోటే ఎడారి వస్తుంది అన్నది నా వాక్యం. శేషాచలం ఎర్రచందనం, ఎండిన బోర్లు, ఆఖర్న ఉప్పు తేలి పాడైన మెసొపొటేమియా నేలలు, అన్నీ ఆ వాక్యానికి కట్టుబడి వచ్చాయి. కట్టుబడనివి, ఎంత బాగా తెలిసినవైనా, వదిలేశా. వాతావరణ మార్పు మీది పారిస్ ఒప్పందం కూడా వదిలేశా. అది వదలడానికి చేయి వణికింది.

ఇంటర్వ్యూ దాకా వెళ్లా, తుది జాబితాలో పేరు రాలేదు. జీఎస్ (జనరల్ స్టడీస్) రెండో పేపర్లో మార్కులు బాగా తగ్గాయి. 150 పదాల జవాబులో కూడా ఒక వాక్యానికి కట్టుబడి రాయొచ్చా, లేక అక్కడ పాయింట్లే కావాలా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నా. పాత పేపర్లు ముందేసుకుని రోజుకు నాలుగు రాస్తున్నా, సార్ చదువుతున్నారు.