తీగతో కొంగ మెడ

స్వర్ణముఖి నీళ్లలో నిలబడ్డ కొంగల్ని చూసి గీసుకున్న గీతలతో ఒక శిల్పం మొదలుపెట్టాను. ఈకలు లేవు, కన్ను లేదు. లావుపాటి జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనప తీగ), ఒక రేకు ముక్క, అంతే.

పనంతా మెడ దగ్గరే. కొంగ మెడ హంస మెడలా గుండ్రంగా వంగదు, మధ్యలో ఒకచోట చటుక్కున మడత పడుతుంది. అక్కడి ఎముక మిగతావాటికంటే పొడవు. ఆ మడత ఒక్కసారిగా విప్పుకునే ఊపులోనే ముక్కు చేపను అందుకుంటుంది. తీగలో ఆ కోణం సరిగ్గా కుదరగానే పక్కింటి పిల్లాడు "అక్కా, కొంగ కదా!" అన్నాడు. ఎంత సంతోషమేసిందో! ఒంటికి రేకును మామిడాకు ఆకారంలో కత్తిరించి, ఒక పక్క కొద్దిగా మెలితిప్పాను. నీడ పడినచోటే రెక్క.

రొమేనియాలో పుట్టిన శిల్పి బ్రాంకుసి ఇలాగే ఈకా రెక్కా లేని కంచు పక్షిని చేశాడు. 1926లో న్యూయార్క్ కస్టమ్స్ వాళ్లు అది కళాకృతి కాదంటూ 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది శిల్పమేనని తేల్చింది. ఆ తీర్పు తలుచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. మన మాధవమాల ఊరి చెక్క శిల్పాల్లో నగానట్రా అన్నీ చెక్కుతారు, ఆ పనితనమంటే నాకు ప్రాణం. కానీ నా చేతులు మాత్రం వివరాల్ని తీసేయడం వైపే వెళ్తున్నాయి.

తర్వాత పుంగనూరు ఆవు. సుమారు మూడడుగుల ఎత్తు, వెడల్పాటి నుదురు, పొట్టి కాళ్లు. దానికి తీగ చాలదు, రేకుతో నిండైన ఆకారమే కావాలి. తిరుపతిలో దళసరి రేకు ముక్కలుగా అమ్మే చోటు తెలిస్తే చెప్పండి.