రూపాయి మీద గీత

పొద్దున పాల ప్యాకెట్ కొంటే తిరిగొచ్చిన చిల్లరలో పాత రూపాయి బిళ్ళ ఒకటి వచ్చింది. ఇప్పటి చిన్నది కాదు, వెనకటి 25 మిల్లీమీటర్ల స్టీలుది, 2000 సంవత్సరంది. జేబులో వేసుకోబోతుంటే బొటనవేలికి ఏదో తగిలింది. చూస్తే అంచు దగ్గర మొదలై కంకి మీదుగా 1 అంకె దాకా వెంట్రుకంత గీత.

ఎవరో గీకారేమో అనుకుని గోటితో తడిమాను. గీకితే లోపలికి దిగాలి కదా, ఇది పైకి లేచి ఉంది. అంటే బిళ్ళకి ఏమీ కాలేదు, దాన్ని కొట్టిన అచ్చే పగిలింది, ఆ పగుల్లోకి లోహం పోయి ఇలా గట్టులా నిలబడింది. స్టీలు గట్టిది, అచ్చు లక్షల దెబ్బలు తిని అలిసిపోతుంది. అంచు దగ్గర అచ్చు ముక్కే ఊడిపోతే అక్కడ అక్షరాలేమీ లేకుండా ఉత్త ముద్ద పడుతుంది, దాన్ని కడ్ అంటారు. అది నాకు ఇంతవరకు దొరకలేదు, ఏడుపొస్తుంది.

సంవత్సరం కింద నక్షత్రం గుర్తు, అంటే మన హైదరాబాద్ టంకశాలే. 1997లో సైఫాబాద్ నుంచి చర్లపల్లికి మారింది కాబట్టి ఇది చర్లపల్లిదే.

నాన్నకి చూపిస్తే "ఎంతొస్తుందిరా?" అన్నారు. ఇలాంటి సన్న గీతకి పెద్దగా ఏమీ రాదు నాన్నా అన్నాను. లక్షలొస్తాయని వీడియోలు పెట్టేవాళ్ళని నమ్మి ఆయన ఇప్పటికే ఒక డబ్బా నింపి పెట్టారు, ఆ సంగతి ఎత్తలేదు.

నాకు కావాల్సింది దీని తోబుట్టువు. పగుళ్ళు రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి, అదే అచ్చు తర్వాత కొట్టిన బిళ్ళ మీద ఈ గీత 1 అంకెని దాటి అవతలి అంచు దాకా పోయుండాలి. సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్ళి చిల్లర డబ్బా చూపించమన్నాను. పేపర్ పరిచి అంతా కుమ్మరించాడు పాపం, "అన్నా, దొంగ బిళ్ళలేమైనా వచ్చాయా?" అని టెన్షన్ పడుతూ. అరగంట వెతికితే ఒకదాని అంచున ఉబ్బు కనబడింది. గుండె ఝల్లుమంది. భూతద్దం పెట్టి చూస్తే ఎండిపోయిన బబుల్ గమ్.

రేపు గుడి దగ్గర పూలమ్మే పెద్దావిడని అడగాలి, ఆమె దగ్గర పాత బిళ్ళలు ఎక్కువ.