మెదడు ఇంకా ఊఁ అనలేదు

నిన్న రాత్రంతా గొర్రెల షెడ్డులోనే ఉన్నాను. నాలుగు నెలల ఆడ గొర్రెపిల్ల, మెడ నరంలో సన్నటి గొట్టం. అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎలా వస్తోందో చూడటానికి 12 నిమిషాలకోసారి కాస్త రక్తం తీయాలి. అది మాత్రం నెమరేస్తూ నా చేతి గడియారం వైపే చూస్తూ పడుకుంది.

ఇది ఇంకా ఎదకు రాలేదు, కానీ దీని అండాశయంలో లోపమేమీ లేదు. సఫోక్ జాతి గొర్రెపిల్లల మీద మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఎప్పుడో చూపించారు: ఈడు రాకముందే గంటకోసారి ఎల్‌హెచ్ ఎక్కిస్తే అండం విడుదలవుతుంది. ఆపుతున్నది మెదడే. అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ రక్తంలో రవ్వంత ఉన్నా చాలు, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, ఎల్‌హెచ్‌ని విడుదల చేయించే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని బిగపట్టేస్తుంది. దాంతో మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ ఎప్పుడో ఒకసారి తప్ప రాదు. ఆ జాతిలో సుమారు 30 వారాలకు ఆ పట్టు సడలి, ఎల్‌హెచ్ గంటకోసారి వస్తుంది.

మేత తగ్గించి పెంచితే ఆ వయసు దాటినా పట్టు సడలదు. కడుపు నిండా పెడితే ఎల్‌హెచ్ గంటకోసారి రావడం మొదలవుతుంది. ఇది చదివినప్పుడు మా తాతే గుర్తొచ్చాడు. "ఒంట్లో కండ పట్టందే పిల్ల ఎదకు రాదురా" అని మందలో ఒక్కోదాని వెన్ను తడిమి చూసేవాడు. ఆయన చెయ్యి ఎంత తెలిసిన చెయ్యో ఇప్పుడు అర్థమవుతోంది.

తెల్లారి గొట్టం తీసి గుప్పెడు దాణా పెట్టాను. వెన్ను తడిమాను. ఇంకా ఎముకలు తగులుతున్నాయి.