అక్షరాల మధ్య ఆ గ్యాప్ ఫైల్లో ఉందా, తెర మీదే ఉందా?

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్ నగర్ వైపు డీటీపీ సెంటర్లలో తరచూ వినిపించే మాట: "అన్నా, ఇక్కడ గ్యాప్ ఎక్కువొచ్చింది, కొంచెం దగ్గరికి జరుపు." దయచేసి జరిపించకండి. చాలాసార్లు ఆ గ్యాప్ ఫైల్లో ఉండదు, తెర మీదే ఉంటుంది.

లెక్క చూడండి. మామూలు మానిటర్‌ని విండోస్ అంగుళానికి 96 పిక్సెళ్లుగా లెక్కేస్తుంది, అంగుళానికి 72 పాయింట్లు, అంటే 11 పాయింట్ల ఫాంటుకి తెర మీద 14.67 పిక్సెళ్లు. అందులో సగం వెడల్పుండే అక్షరానికి 7.33 కావాలి, పాత పద్ధతిలో దాన్ని 7కి సర్దేస్తారు. అలాంటి అక్షరాలు 60 ఉన్న లైనులో తేడా 20 పిక్సెళ్లు! అదే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ప్రింటర్లో ఆ అక్షరానికి 45.83 చుక్కలు, 46 చేసినా కంటికి ఆనదు. కాగితం మీద లైను ఎక్కడ తెగుతుందో తెర మీదా అక్కడే తెగాలి కాబట్టి, వర్డ్ ప్రాసెసర్ ప్రింటు కొలతలు పట్టుకుని ఆ 20 పిక్సెళ్లనీ లైనులో అక్కడొకటి ఇక్కడొకటి పంచుతుంది. అందుకే ఒకే పదంలో రెండక్షరాలు అతుక్కుని మూడోది ఎడంగా కనిపిస్తుంది.

విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్, అంటే తెర మీద అక్షరాలు గీసే కొత్త పద్ధతి, అక్షరాన్ని పిక్సెల్ మధ్యలో కూడా నిలబెట్టగలదు, కాకపోతే అంచులు కాస్త మసకబారతాయి. నాకైతే ఆ మసకే నయం.

తెలుగులో ఇంకో చిక్కుంది, ఒత్తులు. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి చోట ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, పక్క అక్షరం ఒత్తుకి తగలకుండా ఎంత జరగాలో ఫాంటు చేసినవాళ్లే ఫాంటు ఫైల్లో ఉండే ఓపెన్‌టైప్ పట్టికల్లో రాసిపెట్టాలి. అది సరిగ్గా చేయకపోతే వచ్చే గ్యాప్ నిజమైనదే, కాగితం మీదా వస్తుంది. జస్టిఫై (రెండంచులూ సమంగా) పెడితే పదాల మధ్య పడే గోతులూ అంతే: మన పదాలు పొడుగు, లైను చివర విరగవు, మిగిలిన చోటంతా స్పేసుల్లోకి పోతుంది. ఇరుకు కాలమ్‌కి ఎడమ అలైన్‌మెంటే మంచిది.

ఏది ఏదో తేల్చుకోవాలంటే జూమ్ 400 శాతం చేయండి. గ్యాప్ మాయమైతే అది తెరది, వదిలేయండి. ఉంటే ఫాంటు మార్చి చూడండి, అంతేగానీ స్పేస్‌బార్ కొట్టి సర్దొద్దు, ప్రింటులో లైనంతా చెడుతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఏ, వీ పక్కపక్కన పడి ఎడంగా ఉంటే మాత్రం వర్డ్‌లో ఫాంట్ డైలాగ్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కెర్నింగ్‌కి (జంట అక్షరాల మధ్య ఎడం సర్దడానికి) టిక్ పెట్టండి.